రాజుపాలెం దగ్గర ఆగిన బండి

డిసెంబరు నెల మొదట్లో ఒక ఉదయం జయలక్ష్మి గురజాల బస్సు దిగి, నరసరావుపేట పల్నాడు రోడ్డులో ఉన్న అబ్దుల్ మజీద్ షెడ్డుకు నడిచి వచ్చింది. మజీదు అప్పుడు ఒక అంబాసిడర్ బానెట్ కింద తల దూర్చి ఉన్నాడు. "మజీదన్నా" అన్న పిలుపు విని తలెత్తాడు. ఆమెను చూసి, చేతిలోని స్పానరు ఎక్కడ పెట్టాలో తోచక అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఆమె భర్త బాలకోటయ్య పోయి ఏడు నెలలయింది. ఈ ఏడు నెలల్లో మనిషి సగానికి సగం అయింది.

బాలకోటయ్యది గురజాలలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. తోటి వ్యాపారస్తులంతా చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే అంబాసిడర్లు కొంటుంటే, ఆయన మాత్రం అరవై తొమ్మిదిలో మద్రాసు వెళ్ళి, ఏదో కంపెనీ దొర వాడి వదిలేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కొచ్చాడు. ముదురు ఆకుపచ్చ రంగు, పైన గుడ్డ టాపు, నేలకు జానెడెత్తు. గురజాల జనం దానికి కప్పకారు అని పేరు పెట్టారు. అప్పటినుంచి పద్నాలుగేళ్ళు దాని మంచిచెడ్డలన్నీ చూసింది మజీదే. పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పడంతో సరిపెట్టుకోక, బాలకోటయ్య ఆమెకు తోలడం కూడా నేర్పాడు. దాచేపల్లి రోడ్డు మీద ఆవిడ స్టీరింగు పట్టుకుని వెళుతుంటే ఎడ్లబండ్ల వాళ్ళు బండ్లు ఆపి మరీ చూసేవాళ్ళు.

మజీదు స్టూలు తుడిచి వేశాడు. ఆమె కూర్చుంది.

"మా మరిది బండి అమ్మేస్తానంటున్నాడు. పాత కార్లు పోగుచేసే ఆయనంట, హైదరాబాదు నుంచి వస్తాడంట. నెలాఖరుకి తీసకపోతాడు. పోయేలోగా నువ్వొకసారి దాన్ని చూడాలన్నా."

"అమ్మే బండికి రిపేరు ఎందుకులేమ్మా. కొన్నాయనే చేయించుకుంటాడు."

"రిపేరు కాదు. ఆ రోజు బండి ఆగిందా, నేను ఆపానా, అది చెప్పు చాలు."

ఆ రోజు సంగతి పల్నాడులో బాలకోటయ్యను ఎరిగిన అందరికీ తెలిసిందే. మే నెలలో ఒక మధ్యాహ్నం భోజనం ముందు కూర్చున్న మనిషి గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. ఊళ్ళో డాక్టరు ఇంజక్షను ఇచ్చి, ఆలస్యం చెయ్యకుండా గుంటూరు తీసుకుపొమ్మన్నాడు. ఉన్న ఒక్క టాక్సీ పెళ్ళివారితో మాచర్ల పోయింది. తమ్ముడు చలమయ్య సరుకు కోసం విజయవాడలో ఉన్నాడు. జయలక్ష్మి భర్తను కప్పకారులో కూర్చోబెట్టుకుని తనే తోలుకుంటూ బయల్దేరింది. రాజుపాలెం దాటాక బండి ఆగిపోయింది. ఆయన ఆ రోడ్డు మీదే పోయాడు.

నడపడం సరిగా రాని ఆడది బండి ఎక్కితే ఇంతేనని చలమయ్య పదిమందిలో అన్నాడు. ఎక్కడో తొక్కకూడనిది తొక్కి ఉంటుంది, లాగకూడనిది లాగి ఉంటుంది అన్నాడు. అత్తగారు హనుమాయమ్మ అలా ఏమీ అనలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు తన గుడ్డలు మూటగట్టుకుని పెద్దకొడుకు ఇంట్లోంచి చిన్నకొడుకు ఇంటికి వెళ్ళిపోయింది. ఆనాటినుంచి కోడలితో ఒక్క మాట మాట్లాడలేదు.

పెద్దకర్మకు మజీదు కూడా వెళ్ళాడు. పందిరి చివర కాసేపు నిలబడి వచ్చాడు. గోడవారగా టార్పాలిన్ కప్పి ఉన్న బండిని చూశాడు గాని, ఎలా ఆగిందని ఎవరినీ అడగలేదు. చావింట్లో బండి గురించి ఏం అడుగుతాం అనుకున్నాడు. మే నెల ఎండకి గొట్టంలో పెట్రోలు ఆవిరై ఉంటుందిలే, పాత బండ్లకు మామూలే అని తనకు తానే చెప్పుకుని సర్దుకున్నాడు. ఇప్పుడు ఆమె ఎదురుగా కూర్చుని అడుగుతుంటే, అప్పుడే అడిగి ఉండాల్సిందని అనిపించింది.

"రేపు వస్తానమ్మా," అన్నాడు.

మర్నాడు సామాను సంచీ భుజాన వేసుకుని పొద్దున్నే గురజాల బస్సెక్కాడు. కారు గోడౌను పక్క రేకుల షెడ్డు కింద ఉంది. చలమయ్య వచ్చి, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ళ వాడు, అన్న ముఖమే గాని అన్నలోని నెమ్మది లేదు.

"ఏంది మజీదూ, ఇప్పుడు దీన్ని విప్పి ఏం జేద్దామని?"

"ఆయమ్మ చూడమంది, చూస్తున్నా బాబూ."

"చూడు. మంచిగా నడుస్తదని చెప్తే కొనేవాడికి చెప్పుకోవచ్చు," అని చలమయ్య కొట్టుకు వెళ్ళిపోయాడు.

టాంకీలో చుక్క పెట్రోలు లేదు. ఉన్నదంతా ఎప్పుడో మోటారు సైకిలుకు తోడేసుకున్నారు. మజీదు డబ్బాతో అయిదు లీటర్లు తెచ్చి పోశాడు. బ్యాటరీ మార్చి సెల్ఫ్ కొడితే నాలుగోసారికి ఇంజను అందుకుంది. ఏడు నెలలు పడుకుని లేచిన బండి అయినా చప్పుడు ఎక్కడా తేడా లేదు.

ఒకసారి ఆగి, మరోసారి ఆగని బండి కన్నా అసలు కదలని బండి నయం. కదలని బండిలో జబ్బు ఎక్కడికీ పోదు, వెతికితే దొరుకుతుంది. ఇలాంటి దానికి మనం చూస్తున్నంతసేపూ జబ్బు ఉండదు. మజీదు రెండు రోజులు ఆ బండిని వదల్లేదు. ముందు కరెంటు వైపు చూశాడు. పాయింట్లు గీకి, సందు సరిచేశాడు. వేడెక్కితే కండెన్సరు మొండికేస్తుందేమోనని కొత్తది వేసి చూశాడు, పాతది వేసి చూశాడు. కాయిల్ వైర్లు ఒక్కొక్కటే ఊపి చూశాడు. తర్వాత పెట్రోలు వైపు వచ్చాడు. కార్బురేటరు విప్పి, ఫ్లోటు ఊపి, సూది కడిగి బిగించాడు. డిక్కీ కింద ఉన్న పెట్రోలు పంపు విప్పి చూశాడు. టాంకీ అడుగున తుప్పు రేకులు ఏమైనా గొట్టానికి అడ్డం పడుతున్నాయేమోనని వంచి కడిగాడు. ఏ పని చేసినా తర్వాత దాచేపల్లి దాకా తోలుకుపోయి వచ్చేవాడు. బండి ఒక్కసారి కూడా తుమ్మలేదు, దగ్గలేదు.

రెండో రోజు సాయంత్రం జయలక్ష్మి షెడ్డు దగ్గరికి వచ్చింది. "ఏమన్నా తెలిసిందా అన్నా?"

"బండిలో ఏమీ కనపడలేదమ్మా."

ఆమె తల ఊపింది. "అయితే నేనే," అంది. ఏడవలేదు. ఎప్పుడో తెలిసిన సంగతిని ఇంకొకరి నోట విన్నట్టుగా ఉంది ఆమె ముఖం.

ఆ ముఖం చూశాక మజీదుకు తాను చేసిన పొరపాటు అర్థమయింది. జబ్బు చూసేవాడు ముందు రోగిని తెచ్చినవాళ్ళని అడగాలి. బండి ఎలా ఆగిందో చూసిన మనిషి ఒక్కతే, ఆవిణ్ణి అడగకుండా ఇనుముని అడుగుతూ కూర్చున్నాడు. అడిగితే నొచ్చుకుంటుందని మానేశాడు, నిజమే. కానీ అడగాల్సింది అదే.

"అమ్మా, ఏమీ అనుకోమాకండి. ఆ రోజు మొదట్నుంచి చెప్పండి. బండి సంగతి. ఆగేటప్పుడు ఎట్టా ఆగింది? స్విచ్చి కట్టేసినట్టు టక్కున ఆగిందా?"

ఆమె గోడౌను గుమ్మం మీద కూర్చుంది.

"టక్కున కాదు. పిడుగురాళ్ళ దాటిందాకా బాగానే పోయింది. ఆ తర్వాత మిట్ట ఎక్కేటప్పుడు గుంజటం మొదలుపెట్టింది. నొక్కేకొద్దీ నీరసపడింది. ఆయాసం వచ్చిన మనిషి నడిచినట్టు. పక్కన ఆయనా అట్టాగే ఊపిరి తీస్తన్నారు. రాజుపాలెం దాటాక పూర్తిగా ఆగింది. సెల్ఫ్ కొట్టా. చానాసేపు కొట్టా. లారీకి అడ్డంపోయి చెయ్యెత్తా, ఆగలేదు. గొర్లు కాసుకునేవాళ్ళు ఇద్దరొచ్చి నెట్టారు. అయినా రాలా. ఆయన నా చెయ్యి పట్టుకుని, కంగారుపడమాక జయా, కాసేపాగి కొట్టు అన్నారు. కాసేపాగి కొట్టా. స్టార్టయింది. పక్కకు తిరిగి చూస్తే అప్పటికే ఆయన లేరు."

మజీదు తల వంచుకుని వింటున్నాడు. వీధిలో ఎవరో పత్తి బోరాల బండి తోలుకుపోతున్నారు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా ఆగి అడిగాడు.

"టాంకీలో పెట్రోలు ఎంతుంది ఆ రోజు?"

"నిండా ఉంది. మర్నాడు అమరావతి పోదామని ముందురోజే నిండా కొట్టించారు. నేను చోక్ లాగానేమో అన్నా. ఎంత గుర్తు తెచ్చుకున్నా గుర్తురాటంలా."

"చోక్ లాగితే పెట్రోలు ఎక్కువై నల్లపొగ వచ్చుద్ది. పొగ వచ్చిందా?"

"రాలేదు."

గుంజుకుంటూ ఆగిందంటే కరెంటు కాదు, పెట్రోలు అందలేదు. కాసేపు ఆగితే దానంతటదే అందింది. నిండు టాంకీ మీద ఆగింది. తాను రెండు రోజులుగా అయిదేసి లీటర్లు పోసి తిప్పుతున్నాడు. మజీదు లేచి నిలబడ్డాడు.

"రేపు టాంకీ నిండా కొట్టిస్తా. ఆ రోజు ఏ దోవన, ఏ స్పీడున పోయారో అట్టాగే పోవాలి. తోలేది మీరే."

"నా వల్ల కాదన్నా. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలా."

"నేను తోల్తే నాకు ఆగినట్టు అయిద్ది. మీకు ఎందుకు ఆగిందో తెలవాలి గదా."

మర్నాడు పది గంటలకు బయల్దేరారు. మజీదు ఎడమ సీట్లో కూర్చున్నాడు. అది ఎవరు కూర్చున్న సీటో ఇద్దరికీ తెలుసు. మొదట్లో ఆమె స్టీరింగును బిగించి పట్టుకుంది. దాచేపల్లి దాటేసరికి పట్టు సడలింది. ఆమె గేరు మార్చే తీరు, మలుపుకి ముందే స్పీడు తగ్గించే తీరు చూస్తుంటే మజీదుకు ఆశ్చర్యం వేసింది. పల్నాడులో లారీలు తోలే వాళ్ళలో కూడా ఇంత నెమ్మదైన కాలు తక్కువ. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల పొగ రోడ్డుకు అడ్డంగా తెల్లగా పరుచుకుని ఉంది. అది దాటి మిట్ట ఎక్కుతుండగా బండి ఒకసారి గుంజింది.

ఆమె మజీదు వైపు చూసింది.

"పోనివ్వండి," అన్నాడు. "ఆ రోజు పోనిచ్చినట్టే."

చలికాలం. ఎండ వెచ్చగా, మెత్తగా ఉంది. పెట్రోలు ఆవిరై పోయేంత వేడి ఎక్కడా లేదు. అయినా బండి మళ్ళీ గుంజింది. ఆమె కాలు ఎంత నొక్కితే అంత నీరసపడింది. వెనక పంపు కొట్టే టిక్కుటిక్కుమనే చప్పుడు కూడా నెమ్మదిగా, ఎడమెడంగా వినపడసాగింది. రాజుపాలెం ఇళ్ళు దాటి రెండు ఫర్లాంగులు పోయాక ఇంజను ఆగిపోయింది. ఆమె బండిని చెట్టు కిందికి తీసి ఆపింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

"ఇట్టాగే," అంది. "ఇట్టాగే ఆగింది."

మజీదు దిగి వెనక్కి పోయాడు. పంపు చప్పుడు లేదు. టాంకీ మూత మీద చెయ్యి వేసి తిప్పబోయాడు. మూత కదల్లేదు. లోపలినుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు బిగుసుకుపోయి ఉంది. గుడ్డ వేసి, రెండు చేతులతో బలం కొద్దీ తిప్పితే కదిలింది. కదలగానే టాంకీ బుస్సుమని గాలి పీల్చుకుంది. ఆ పీల్పు చాలాసేపు సాగింది. అది ఆగీ ఆగకముందే పంపు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"సెల్ఫ్ కొట్టండి," అన్నాడు.

ఒక్క దెబ్బకే ఇంజను అందుకుంది.

ఆమె దిగి వచ్చింది. "ఏందన్నా అది?"

"నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెడితే నూనె ధారగా పడదు చూడండి. గాలి పోయేదానికి రెండో చిల్లు పెట్టాల. టాంకీ కూడా అంతే. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ మూతలోంచి గాలి లోపలికి పోవాల. ఈ మూతలోంచి పోటంలేదు. గాలి పోకపోతే పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. నిండా ఉన్నప్పుడు లోపల ఉండే గాలే తక్కువ గాబట్టి తొందరగా బిగిస్తది. కాసేపు ఆగితే ఏ సందులోంచో కొంచెం గాలి జారి, మళ్ళీ నడుస్తది."

ఆమె ఆ మూతనే చూస్తోంది. "ఆ రోజు ఈ మూత తీసుంటే?"

అబద్ధం చెప్పడానికి అది చోటు కాదు. "బండి పోయేదమ్మా."

"ఒక్క మూత."

"అది తియ్యాలని ఎవరికీ తోచదు. మీ తోలడంలో ఏ లోపమూ లేదు. చోకూ లేదు, ఏమీ లేదు. బండే ఆగింది. మీరు ఆపలేదు."

జయలక్ష్మి రోడ్డు పక్క తూము మీద కూర్చుని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడు నెలలుగా లోపల గడ్డకట్టి ఉన్నది కరిగి బయటికి వచ్చినట్టు, చాలాసేపు ఏడ్చింది. సత్తెనపల్లి వైపు పోతున్న బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. మజీదు ఆమెకు దూరంగా, బండి వెనకాలే నిలబడి ఉన్నాడు. మూత వెల్లకిలా తిప్పి చూశాడు. లోపల నల్లటి రబ్బరు బిళ్ళ. లారీ ట్యూబు నుంచి కోసింది. అంచు గుండ్రంగా, ఎక్కడా వంకర లేకుండా, బ్లేడుతో తీర్చినట్టుంది. ఆ చేతిపని ఎవరిదో అతనికి తెలుసు.

ఏప్రిల్లో బాలకోటయ్య షెడ్డుకు వచ్చాడు. బంకులో పెట్రోలు పోయించుకుని అసలు మూత అక్కడే మరిచిపోయాడు, మళ్ళీ వెళ్తే దొరకలేదు. మజీదు ఒక పాత వ్యాను మూత వెతికి పట్టాడు. అది కొంచెం వదులుగా ఉంది. టాంకీలోకి దుమ్ము, వాన నీళ్ళు పోతాయని మూత లోపల రబ్బరు కోసి బిగించాడు. నడిమధ్య గాలి చిల్లు ఉంది మూతకి. రబ్బరు ఉంగరంలా కోయాల్సింది. నిండు బిళ్ళలా కోశాడు. చిల్లు దాని కిందపడి మూసుకుపోయింది. తొందరలో చేసిన తప్పు అయితే ఏదో ఒకటి అనుకుని సర్దిచెప్పుకోవచ్చు. అది తీరిగ్గా, మురిపెంగా చేసిన పని. బిగించాక మూత మీద తట్టి, చుక్క నీళ్ళు లోపలికి పోవు చూడండి అన్నాడు. బాలకోటయ్య నవ్వి, నీ చెయ్యి పడితే ఇంకేముంది మజీదూ అన్నాడు.

జయలక్ష్మి ముఖం తుడుచుకుని లేచి వచ్చింది. "ఈ మాట మా అత్తయ్య ముందు చెప్తావా అన్నా? నేను చెప్తే నమ్మరు."

"చెప్తా. ఆదివారం వస్తా," అన్నాడు. మిగిలిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడే కదా ఆమె ఊపిరి పీల్చుకుంది, ఇంకో రోజు చెబుదాం అనుకున్నాడు. ఆ దయ ఆమె మీదా, తన మీదా అని అడిగితే చెప్పలేడు. తిరుగు ప్రయాణంలో మూతను వదులుగా పెట్టి, గురజాల దాకా తనే తోలాడు. దిగేటప్పుడు దాన్ని జేబులో వేసుకున్నాడు.

మర్నాడు శుక్రవారం. నమాజు నుంచి వచ్చి అన్నం ముందు కూర్చున్నవాడు కలుపుతూనే ఉన్నాడు గాని ముద్ద ఎత్తలేదు. భార్య రషీదా చూసి చూసి, ఏమయిందని అడిగింది. అతను జేబులోంచి మూత తీసి చాప మీద పెట్టి అంతా చెప్పాడు.

రషీదా మూతను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "ఎవరికన్నా తెలుసా?"

"తెలియదు."

"చెప్పమాక. ఆ చలమయ్య ఊరుకునే మనిషి కాదు. ఎండకో, పాతబడో పాడయిందను. పోయిన మనిషి ఎట్టాగూ తిరిగిరాడు."

"ఆవిడ తప్పు లేదని చెప్పా గదా, అది చాలంటావా?"

రషీదా కంచం తీసి పక్కన పెట్టింది. గుమ్మంలో కూర్చుని వీధి వైపు చూసింది. "చెప్పకుండా నువ్వు ఉండలేవు," అంది. "ఉండగలిగితే ఈపాటికి అన్నం తినేవాడివి."

ఆ సాయంత్రం షెడ్డులో ఉన్న బండ్లన్నిటి టాంకీ మూతలూ విప్పి చూశాడు మజీదు. అన్నీ బాగానే ఉన్నాయి.

ఆదివారం చలమయ్య ఇంటి వరండాలో అందరూ కూర్చున్నారు. హనుమాయమ్మ నులకమంచం మీద, గోడకు ఆనుకుని ఉంది. డెబ్బై దాటిన మనిషి, చూపు మాత్రం నిలకడగా ఉంది. జయలక్ష్మి గుమ్మం పక్కన నిలబడింది. మజీదు నూనె డబ్బా ఉదాహరణతో మొదలుపెట్టి, రాజుపాలెం దగ్గర ఏం జరిగిందో వివరంగా చెప్పాడు.

"అయితే మా కోడలు సరిగానే తోలిందా?" అంది హనుమాయమ్మ.

"సరిగానే తోలిందమ్మా. ఆ బండిని నేను తోలినా అంతకన్నా బాగా తోలలేను."

ముసలమ్మ కోడలి వైపు చూసింది. పెద్దకర్మ తర్వాత ఆమె ముఖంలోకి చూడడం అదే మొదలు. జయలక్ష్మి తల దించుకుంది.

చలమయ్య కాస్త ఇబ్బందిగా కదిలాడు. "సర్లే. నేను కూడా బాధలో ఏదో అన్నా వదినా, మనసులో పెట్టుకోమాక. అన్నయ్యకు అట్టా రాసిపెట్టి ఉంది. పాత బండి, పాత మూత. ఎవరినంటాం."

అంతటితో అయిపోయేది. ఎవరూ ఇంకేమీ అడగలేదు. లోపలినుంచి ఎవరో కాఫీ గ్లాసులు సర్దుతున్న చప్పుడు వినపడుతోంది. మజీదు జేబులోంచి మూత తీసి మంచం అంచున పెట్టాడు.

"పాత మూత కాదు బాబూ. ఏప్రిల్లో అసలుది పోతే ఇది నేను పెట్టిందే. ఈ రబ్బరు నేను కోసిందే. నడుమ చిల్లు పెట్టాల. నేను పెట్టలేదు."

చలమయ్య లేచి వచ్చి మజీదు చొక్కా గుంజి పట్టుకున్నాడు. పైగుండీ ఊడి నేల మీద పడింది. మజీదు చేతులు ఎత్తలేదు.

"చలమయ్యా, వొదులు," అంది హనుమాయమ్మ.

"ఏందమ్మా వొదిలేది? అన్నయ్యని చంపింది వీడు."

"వొదలమన్నా."

చలమయ్య వదిలి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ముసలమ్మ మజీదును దగ్గరికి రమ్మంది. అతను మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నువ్వు చెప్పకపోతే ఎవరికన్నా తెలిసేదా?"

"తెలిసేది కాదమ్మా."

"మరెందుకు చెప్పావు?"

మజీదు ఏదో పెద్ద మాట కోసం వెతకలేదు. "ఆయమ్మ అడిగింది గదా," అన్నాడు.

హనుమాయమ్మ కళ్ళు మూసుకుంది. "టయానికి గుంటూరు చేరితే బతుకుతాడని ఏ డాక్టరూ నాతో చెప్పలా. బతకడనీ చెప్పలా. ఇంక అది నాకు తెలిసేది కాదు," అంది. ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు.

జయలక్ష్మి గుమ్మం దగ్గర్నుంచి అడిగింది. "రోడ్డు మీద నేను కూర్చుని ఏడుస్తన్నప్పుడే నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"మూడు రోజులు పట్టిందా చెప్పటానికి?"

"పట్టింది."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మజీదు లేచి, బస్టాండు దాకా నడిచి వెళ్ళాడు.

చలమయ్య కేసు పెట్టలేదు గాని ఊరుకోనూ లేదు. గురజాల, దాచేపల్లి లారీల వాళ్ళకీ, ట్రాక్టర్ల వాళ్ళకీ చెప్పాడు. ఆ చలికాలమంతా పల్నాడు వైపునుంచి మజీదు షెడ్డుకు వచ్చే బండ్లు సగం తగ్గాయి. నరసరావుపేటలో టీకొట్టు దగ్గర ఎవరైనా ఆ సంగతి నిజమేనా అని అడిగితే, నిజమే అని చెప్పి తన టీ తాగేవాడు. చేతిలో పని మునుపటంత వేగంగా సాగడం లేదు. బిగించిందే మళ్ళీ విప్పి చూసుకునేవాడు. రషీదా అన్నయ్య సుభానీ, పక్క షెడ్డులో వెల్డింగు చేసేవాడు, ఇలాగయితే పని తెమలదు బావా అంటే, తెమలకపోతే పోనీలే అన్నాడు.

గురజాల సంగతులు బస్సు డ్రైవర్ల ద్వారా తెలుస్తుండేవి. హనుమాయమ్మ ఒక ఉదయం తన గుడ్డల మూటతో పెద్ద కోడలి ఇంటికి వచ్చి, ఏ మాటా లేకుండా వంటింట్లో పీట వాల్చుకుని, కూరేం చేస్తున్నావని అడిగిందట. కారు కాగితాలు జయలక్ష్మి పేరున ఉన్నాయి. హైదరాబాదు ఆయన వచ్చిన రోజు ఆమె సంతకం పెట్టనంది. ఆయన ఉత్త చేతులతో తిరిగి వెళ్ళాడు.

ఫిబ్రవరిలో ఒక గురువారం కప్పకారు నరసరావుపేట షెడ్డు ముందు ఆగింది. జయలక్ష్మి ఒక్కతే వచ్చింది. తలకు కొంగు బిగించి కట్టుకుంది. ముఖం మీద రోడ్డు దుమ్ము. మజీదు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"మజీదుగారూ," అంది.

పద్నాలుగేళ్ళలో ఆమె నోట ఆ పిలుపు రావడం అదే మొదటిసారి. మర్యాదైన పిలుపే. మజీదుకు చలమయ్య చొక్కా పట్టుకున్నప్పటి కన్నా అది ఎక్కువ తగిలింది. అన్నా అని పిలిపించుకునే హక్కు పోయిందని అర్థమయింది.

"చెప్పండమ్మా."

"బండిలో ఏది దేనికుందో నాకు చెప్పాలి. తొక్కటం, తిప్పటం ఆయన నేర్పారు. లోపలిది నేర్పలా. ఇంకోసారి రోడ్డు మీద ఆగితే, ఎవరో ఒకరు వచ్చిందాకా చేతులు నలుపుకుంటా నిలబడను."

"నేనే చెప్పాలా అమ్మా? ఈ ఊళ్ళో ఇంకా మెకానిక్కులు ఉన్నారు."

"ఉన్నారు. తెలియంది తెలియదనీ, తప్పు జరిగితే జరిగిందనీ చెప్పేవాళ్ళు కావాలి నాకు."

మజీదు బానెట్ ఎత్తాడు. ఆమె చీర చెంగు నడుముకు దోపి పక్కన వచ్చి నిలబడింది. అతను ప్లగ్గు స్పానరు ఆమె చేతికి ఇచ్చి, మొదటి ప్లగ్గు ఆమెతోనే విప్పించాడు. మొదట రెండుసార్లు జారిపోయింది, వేలు చీరుకుంది. ఆమె పట్టించుకోలేదు. కొస తెల్లగా ఉంటే ఏమిటి, నల్లగా తడిగా ఉంటే ఏమిటి, అతను చెబుతుంటే తలాడించి, తిరిగి తన మాటల్లో అప్పజెప్పింది. నాలుగు ప్లగ్గులూ విప్పి, తుడిచి, మళ్ళీ తనే బిగించింది. పాయింట్ల దాకా వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. రోడ్డు మీద పోయేవాళ్ళు కొందరు ఆగి చూశారు. మజీదు ఎవరివైపూ చూడలేదు. ఆమె అసలే చూడలేదు.

చేతుల మసి కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుని, ఆమె బండి ఎక్కి వెళ్ళిపోయింది. మజీదు సామాను సర్దుతుంటే రషీదా షెడ్డు వెనక గుమ్మంలోకి వచ్చింది. ఆమె అంతసేపూ అక్కడినుంచే చూస్తోందని అతనికి తెలుసు.

"నిన్నేమన్నా అందా?"

"ఏమీ అనలేదు."

"ఇంతసేపు ఏం మాట్లాడారు మరి?"

"ప్లగ్గుల గురించి. పాయింట్ల గురించి. కార్బురేటరు సంగతి అడిగింది, టయం చాలలేదు. వచ్చే గురువారం చెప్తానన్నా," అని స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెట్టసాగాడు.